గది కంటె చల్లని కంప్యూటరు

2016 మే నెలలో ఒకనాటి మధ్యాహ్నము మా మేనల్లుడు కంప్యూటరు తెర చూపించి, "మామా, ప్రాసెసరు 32 డిగ్రీలే. ఇంక వేగం పెంచేస్తా" అన్నాడు. గోడకు తగిలించిన థర్మామీటరులో 37 ఉన్నది. కోవిల్‌పట్టి ఎండ సంగతి మన చదువరులకు వేరే చెప్పనక్కరలేదు గదా! మంచముమీద విసనకర్రతో కూర్చున్న మా అమ్మ, "ఏందిరా, ఇల్లంతా కాగతా ఉంటే దాని కడుపు మాత్రం చల్లంగా ఉందా?" అన్నది. అందరము నవ్వినాము. నవ్వు తీరిన తరువాత చూచుకొంటే ఆ ప్రశ్నకు మావద్ద జవాబు లేదు.

ఆ యంత్రమును విరుదునగరంలో ఒక అంగడిలో పాతదిగా కొన్నాము. అందులోనిది ఇంటెల్ వారి కోర్ 2 డ్యుయో ఈ8400, 2008లో వచ్చినది, వేగము 3 గిగాహెర్ట్జులు. సగము చీటీ డబ్బు, సగము మా అక్క దాచుకొన్నది. పిల్లవాడు దానిమీద పెండ్లి వీడియోలు కూర్చి నాలుగు రూపాయలు తెస్తున్నాడు. ఒక్క పెండ్లి తయారగుటకు రాత్రంతా పట్టేది. అందుకే వేగమును 3.6కు, వీలైతే 4కు పెంచవలెనని వాని పట్టుదల. ఓవర్‌క్లాకింగు అనేది ఇదే. వేగము పెంచితే వేడి పెరుగును. ఆ వేగము నిలుచుటకు వోల్టేజి కూడా పెంచితే, దాని వర్గము చొప్పున ఇంకను పెరుగును. తెరమీద 75 వచ్చువరకు పోనిచ్చి ఆగుదామని వాడు అనుకొన్నాడు. ఆ లెక్క అంతా 32 నిజమనే నమ్మకముమీద కట్టినదే.

ఫ్యాను గదిలోని గాలినే విసురును. ఎంత గట్టిగా విసిరినా 37 డిగ్రీల గాలి ఏ వస్తువును 32కు దించలేదు. కనుక అంకె తప్పు. ఎందుకు తప్పినదో తెలిసికొనుటకు మాకు రెండు ఆదివారములు పట్టినవి.

ఈ ప్రాసెసరులోని కొలత సాధనము "ఇన్ని డిగ్రీలున్నాను" అని చెప్పదు. "నా హద్దుకు ఇంకా ఇంత దూరమున్నాను" అని మాత్రమే చెప్పును. హద్దు ఎంతో తెలిసిన ప్రోగ్రాము అందులోనుంచి ఆ దూరము తీసివేసి డిగ్రీలుగా చూపును. కోవిల్‌పట్టి నుండి ఉత్తరముగా పోయేవాడు దారిలో "ఇంకా 20 కిలోమీటర్లు" అన్న రాయి చూచినాడనుకొందాము. ఆ రాయి విరుదునగరమునకు లెక్క. వాడు సాత్తూరునకు అని చదువుకొంటే, సాత్తూరు దాటిపోయి కూడా ఇంకా చేరలేదనే అనుకొంటాడు. మా ఇంట్లో జరిగినదీ అదే. ఈ8400 హద్దు 100 డిగ్రీలని ఇంటెల్ వారు 2008లో వెల్లడించినారు. మా ప్రోగ్రాములో ఎవరో 85 అని నమోదు చేసియున్నారు. దూరము 53, 85లోనుంచి తీసిన 32, 100లోనుంచి తీసిన 47. పిల్లవాడు ఆగుదామనుకొన్న 75 నిజానికి 90!

హద్దు తాకినంతమాత్రాన చిప్పు భగ్గుమనదు. తనంతట తానే వేగము తగ్గించుకొనును, అప్పటికీ తాళలేకపోతే యంత్రము ఆగిపోవును. కాని ఎక్కువ వోల్టేజితో అంత వేడిలో రాత్రులకు రాత్రులు నడిపితే ఆయుస్సు తరుగును. అక్క డబ్బు తిరిగి రాదు.

అంకె దిద్దినాము గదా, ఇక సరే అనుకొన్నాము. మరొక చిక్కు ఉన్నది. ఈ చిప్పులో రెండు కోర్లున్నవి. ఒకదాని దూరము పనినిబట్టి మారుచుండగా రెండవది 43 వద్ద కూర్చొని, పనిలేనప్పుడు కదలనే లేదు. ఆ తరము చిప్పులలో ఇది చాలమంది చూచిన జబ్బే. ఈ సాధనములు హద్దు దగ్గర బాగుగానే చెప్పును, చల్లగా ఉన్నప్పుడు తప్పును. కనుక తీరికగా ఉన్నప్పటి అంకెను చూచి సంతోషించుట వృథా. ఇంటెల్ వారి పట్టికలో 72.4 అని ఇంకొక హద్దు కనబడును. అది ప్రాసెసరు పైనున్న లోహపు మూతకు, లోపలి కోరుకు కాదు. రెంటినీ కలిపి మేమే ఒక సాయంత్రము గాభరా పడినాము.

మన ఊరి కడలై మిట్టాయి చేసేవారు బెల్లపు పాకమును నీళ్లలో వేసి వేలితో చూస్తారు. మేమూ చేయి పెట్టినాము. పూర్తి పనిలో దూరము 24కు దిగినది, అనగా 76 డిగ్రీలు. హీట్‌సింకు మాత్రము గోరువెచ్చన. వేడి పైకి రావటము లేదన్నమాట. యంత్రము ఆపి చూస్తే ఫ్యానును పట్టియుంచే నాలుగు ప్లాస్టిక్ కొక్కెములలో ఒకటి ఊడియున్నది. ధూళి దులిపి, ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది రాసి, నాలుగూ బిగించినాము. అదే పనిలో దూరము 35 అయినది. అంగడివాడు అడిగియుంటే 500 రూపాయలైనా తీసుకొనేవాడు. మాకు పేస్టు ఖర్చే.

అంకె ఎక్కువ చూపే తప్పు కూడా ఉన్నది. మరుసటి సంవత్సరము, 2017లో, ఏఎండీ వారి రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ వచ్చినప్పుడు అవి అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చూపేవి. ఫ్యాన్లన్నీ ఒకే తీరుగా నడవవలెనని కంపెనీవారే అట్లు పెట్టినారు. అది తెలియనివారు పెద్ద కూలరు కొనుటకు పరుగెత్తవలసినదే. ఇంటెల్ వారు మాత్రము 2008 చివర వచ్చిన కోర్ ఐ7 నుండి హద్దును చిప్పులోనే వ్రాసిపెట్టినారు, ప్రోగ్రాము ఊహించనక్కరలేదు.

ఆ తరువాత పిల్లవాడు డిగ్రీల గడిని మూసివేసి దూరమునే చూడసాగినాడు. 25 కంటె తక్కువకు దిగనీయరాదని మా షరతు. రాత్రి 10 గంటలకు 3.6 వేగముతో గంటసేపు నడిపితే 31 మిగిలినది. "చూచినావా మామా, 4కు పోవచ్చు" అన్నాడు. మరునాడు మధ్యాహ్నము 3 గంటలకు తిరిగి నడిపించినాము. 26. మధ్యాహ్నపు అంకెనే కాగితముమీద వ్రాసి పెట్టెకు అంటించినాము.