ట్రైలరుమీది తెప్పకు రాతిదెబ్బ

సముద్రతీర గ్రామములందలి మన సభ్యులలో పలువురికి పొలమును గలదు, తెప్పయును గలదు. తూర్పుతీరమున ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వరకు మరబోట్లకును ఇంజను తెప్పలకును వేట నిషిద్ధము. ఆ 61 దినములలోనే ఫైబరు తెప్పలను బాగుచేయించుకొనుట వాడుక. బాగుపడిన తెప్పను ట్రాక్టరు వెనుక తగిలించిన ట్రైలరుపై కట్టి తీరమునకు తెచ్చుకొందురు. అట్లు తెచ్చునపుడు దారిలో కలుగు నష్టమును గూర్చి వ్రాయుచున్నాను. తెప్ప లేని రైతులు ఈ పుటను త్రిప్పివేయనక్కరలేదు. నూర్పిడి యంత్రమును గాని మందు చల్లు యంత్రమును గాని ట్రాక్టరు వెనుక ఈడ్పించుకొనిపోవు వారికిని ఇదియే చిక్కు.

కొన్ని యేండ్ల క్రిందట కళింగపట్నమునకు పోవు దారిలో నేనొక తెప్పబండి వెనుక మోటారుసైకిలుపై పోవుచుంటిని. దారి బాగుచేయుటకై కొంతమేర క్రొత్తగా కంకర పరచియుండిరి. ట్రాక్టరు నడపు కుర్రవాడు తొందరలో నుండెను. ముందు టక్కుటక్కుమని చప్పుడు వినబడినది. ఏదో మర వదులైనదని తలచితిని గాని, తీరము చేరిన పిమ్మట చూడగా తెప్ప ముక్కుక్రింద చింతపిక్కంతేసి పెచ్చులు పదునొకండు లేచియుండెను. రెండుచోట్ల లోపలి నారయే కనబడినది. యజమాని వానిపై రంగు పూసి సంతృప్తి చెందెను. ఫైబరు తెప్పకు పైనుండు నున్నని పూతయే నీటికి అడ్డు. అది లేచిన చోట నీరు నారవెంబడి మెల్లగా లోనికి ప్రాకును. రెండు నెలలకు ఆ భాగము పొంగి పొరలు విడిపోయినది. తక్కిన తెప్పలు వేటకు పోవుచుండగా అతని తెప్ప మరల గట్టెక్కినది. ఆ నష్టము పదునొకండు గులకరాళ్ల వలన వచ్చినదని చెప్పిన అతడు మొదట నమ్మలేదు.

నాటుబండి కాలమున ఈ బాధ లేదు. ఇనుపపట్టా వేసిన చక్రము రాతిని నొక్కును, నలుగగొట్టును. పందొమ్మిదవ శతాబ్దారంభమున స్కాట్లండు దేశీయుడగు మెకాడము చిన్న కంకరతో రోడ్లు వేయు పద్ధతిని నెలకొల్పినపుడు, బండ్లు త్రొక్కగా త్రొక్కగా రాళ్లు నలిగి ఒకదానినొకటి పట్టుకొని గట్టిపడుచుండెను. గాలి నింపిన రబ్బరు చక్రము 1888లో డన్‌లప్ చేతిలో వాడుకకు తగినదై, మోటారుబండ్ల క్రిందికి వచ్చినది. వేగముగా దొర్లు రబ్బరు, రాళ్లమధ్య దుమ్మును పీల్చి లేపి, కంకరను వదులుచేసినది. తారు రోడ్లు అవసరమగుటకు ఇది ముఖ్యకారణము. మన ఊళ్ల దారులలో ఎర్రకంకరయే ఇంకను పెక్కుచోట్ల నున్నది. ట్రాక్టరు వెనుకచక్రపు లోతైన గాడులు ఆ కంకరను పట్టుకొనుటకే చేసినట్లుండును.

రాయి యెట్లు వచ్చుచున్నదో తెలిసికొన్నచో ఉపాయము తానే తోచును. గాడిలో చిక్కిన రాయి చక్రముతో పైకి లేచుచు, నేలను విడిచిన కొద్దిసేపటికే జారి ఎగురును. అప్పుడది వెనుకకు దూసికొనిపోవునట్లు మనకు కనబడును గాని, నిజమునకు దారిమీద దాదాపు ఉన్నచోటనే పైకి లేచుచుండును. దానిని పోయి గ్రుద్దుకొనునది వెనుక వచ్చు తెప్పయే. కావున దెబ్బ బలము మన బండి వేగమునుబట్టి యుండును; అదియును రెట్టింపునకు రెట్టింపు గాదు. గంటకు 20 కిలోమీటర్ల పోకలో తగులు దెబ్బకంటె 40 కిలోమీటర్ల పోకలో తగులునది నాలుగు రెట్లు. కంకరదారిలో వేగము సగము తగ్గించిన దెబ్బ నాలుగవ పాలగును. దీనికి పైసా ఖర్చు లేదు. ఎదురుగా వచ్చు కంకరలారీ నుండి జారిపడు రాతికి లారీవేగము గూడ కలియును. టెక్కలివైపు రాతిగనుల దారిలో అట్టి లారీ కనబడినపుడు ప్రక్కకు తీసి నిలుచుట మంచిది.

తెప్పకు ఎంత గట్టి కప్పు వేసినను, రాతిని చక్రమువద్దనే ఆపుట మేలు. ట్రాక్టరు వెనుకచక్రములకు పైన రేకుకప్పు ఉండును గాని, రాయి వచ్చునది క్రిందినుండి. రెండు చక్రముల వెనుకను అడ్డముగా ఇనుపపట్టీ బిగించి, దానికి దళసరి రబ్బరు తెర వ్రేలాడదీయవలెను. లారీవారు మడ్‌ఫ్లాప్ అనునది ఇదియే. పాతటైరు ప్రక్కభాగము గాని మిల్లులలో వాడి పారవేసిన బెల్టు గాని చాలును. తెర నేలకు జానెడు ఎత్తున నుండవలెను. ఇంకను దించిన, బండి వెనుకకు నడపునపుడు చక్రము దానిని త్రొక్కి చింపును. పలుచని రబ్బరు గాలికి లేచిపోవును, పనికిరాదు. పొలములో దిగుటకు ముందు ఊడదీయుటకు వీలుగా బోల్టులతో బిగింపుడు. బురదలో తెర యుండిన చక్రమునకు మట్టి చుట్టుకొనును.

తెరను తప్పించుకొని వచ్చు రాళ్లకై ట్రైలరు ముందు ఒక అడ్డు కావలెను. ఇచ్చట పలువురు పొరబడుదురు. నిలువుగా పలకను కట్టిన రాయి దానికి తగిలి తిరిగి ముందుకు పోవును. కారైనచో వెనుక అద్దము పగులును, ట్రాక్టరునకు అద్దమెక్కడిది? ఆ రాయి నడపువాని మెడకు తగులవచ్చును. పలక పైయంచు ట్రాక్టరువైపు వాలియుండునట్లు బిగించిన, రాయి నేలకు దిగజారును. పలకకు ముందు కొబ్బరిపీచు చాప నొకదానిని వదులుగా వ్రేలాడదీసిన దెబ్బ మరింత చచ్చును. కవిటి, కంచిలి ప్రాంతమువారికి పీచు కొనవలసిన పనియే యుండదు.

తెప్ప ముక్కునకు మన గోగునార సంచులలో గడ్డి కూరి బిగువుగా కట్టుడు. టార్పాలిన్ ఒక్కదానినే కప్పుట కంటె కప్పకుండుట మేలని నా అభిప్రాయము. అది గాలికి కొట్టుకొనుచు, లోన చేరిన ఇసుకతో పూతను గరుకుకాగితమువలె గీయును. సంచులు కట్టుటకు ముందు తెప్పను నీళ్లతో కడుగవలెననుటయు అందులకే. కట్టిన సంచులు గాని పలక గాని ట్రైలరు దీపములను, నంబరుపలకను మరుగుచేయరాదు. ఆ దీపములకు సన్నని ఇనుపవల బిగించిన అవియును దక్కును.

కంకరదారి ముగిసి తారురోడ్డు ఎక్కు చోట బండి నాపి, ఇంజను కట్టి, చక్రములకు అడ్డురాళ్లు పెట్టి, గాడులలో ఇరుకుకొన్న రాళ్లను మేకుతోనో స్క్రూడ్రైవరుతోనో పెకలింపవలెను. అవి మెల్లని పోకలో ఊడక, పెద్దరోడ్డుపై వేగమెక్కగానే ఎగురును. చాలమంది తారురోడ్డు వచ్చినదని ధైర్యపడుచోటనే దెబ్బ తగులును.

తీరము చేరగానే, తెప్ప ఇంకను ట్రైలరుపై ఎత్తున నుండగానే సంచులు విప్పి, ముక్కుక్రింద అరచేతితో తడిమి చూడుడు. ఇసుకలోనికి దించిన పిమ్మట అడుగుభాగము కనబడదు. పెచ్చు లేచిన చోటును సుద్దముక్కతో గుర్తించి, మంచినీటితో కడిగి, బాగుగా ఆరనిచ్చి, గరుకుకాగితముతో రుద్ది, ఫైబరు పని తెలిసినవానిచేత జెల్‌కోటు నింపింపవలెను. తడిమీద నింపినది నిలువదు. ట్రైలరు ఇనుమున రంగు లేచిన చోట్లకు ఆనాడే రెడ్‌ఆక్సైడు పూయుడు. ఉప్పుగాలికి ఒక్క వారమైనను గడువీయరాదు.