బూడిద కురిసిన దీవులు: నష్టపు లెక్క

ఇల్లు నీట మునిగినను, గాలికి కూలినను, మరునాటి యుదయమున ఇల్లాలు మొట్టమొదట చేయు పని యొకటి కలదు. ఏమి పోయినది, ఏమి మిగిలినది యని చూచుకొనుట. బియ్యపు డబ్బా తడిసినదా, పొయ్యి రాజుకొనునా, బావినీరు త్రాగుటకు పనికివచ్చునా యని ఆమె గది గదియు తిరిగి చూచును. ఇదియే నష్టపు లెక్కకు మొదటి పుట. ప్రభుత్వములును, పరదేశపు నిపుణులును పెద్ద యెత్తున చేయునదియు నీ పనియే. అయినను వారి లెక్కకును ఇల్లాలి లెక్కకును నడుమ నొక్కొక్కప్పుడు గొప్ప యంతరము కలుగుచుండును. ఆ యంతరమును గూర్చి సోదరీమణులతో ముచ్చటింపవలెనని యీ వ్యాసమును వ్రాయుచున్నాము. దృష్టాంతముగా టోంగా రాజ్యమునకు 2022వ సంవత్సరమున వచ్చిన యాపదను గైకొందుము.

దక్షిణ పసిఫిక్ మహాసముద్రమున, ఫిజీ దీవులకు ఆగ్నేయదిశయందు, టోంగా యను చిన్న రాజ్యము కలదు. అందు సుమారు 170 దీవులున్నను, జనులు నివసించునవి 36 మాత్రమే. అందరును కలిసి యొక లక్షకు కొంచె మెక్కువ. వారిలో పెక్కుమంది టోంగటాపు అను పెద్దదీవిలో నుందురు. రాజధాని యగు నుకుఅలోఫా యందే కలదు. ఆ దేశమున అనేక గృహములకు వాననీరే త్రాగునీరు. ఇంటికప్పు మీద పడిన వాన చూరునకు కట్టిన దోనెలవెంట ప్రవహించి, పెరటిలోని సిమెంటు తొట్టిలో చేరును. కుటుంబమునకు ఒకరిద్దరైనను న్యూజీలాండునకో, ఆస్ట్రేలియాకో, అమెరికాకో పోయి కష్టించి యింటికి సొమ్ము పంపుచుందురు. ఇటీవలి సంవత్సరములలో ఇట్లు వచ్చు సొమ్ము ఆ దేశపు సంవత్సరాదాయముతో పోల్చిచూడగా ఐదింట రెండువంతుల వరకు నుండెను. కప్పుమీద వాన, దూరదేశపు బిడ్డ పంపు సొమ్ము — ఈ రెండింటి మీదనే అచ్చటి సంసారములు నడచుచుండెనని చెప్పవచ్చును.

నుకుఅలోఫాకు ఉత్తరముగా సుమారు 65 కిలోమీటర్ల దూరమున హుంగ టోంగా – హుంగ హాపై అను అగ్నిపర్వతము సముద్రములో దాగియున్నది. దాని శిఖరపుటంచులు మాత్రమే చిన్న దీవులుగా నీటిపైకి కనబడుచుండెను. 2022వ సంవత్సరము జనవరి 15వ తేదీ సాయంకాలము అయిదు గంటలు దాటిన పిమ్మట అది మహాఘోషముతో బ్రద్దలయ్యెను. బూడిదయు ఆవిరియు కలిసిన స్తంభము 57 కిలోమీటర్ల యెత్తునకు లేచినదని ఉపగ్రహచిత్రములను పరిశీలించినవారు నిర్ణయించిరి. ఆ ధ్వని తొమ్మిదివేల కిలోమీటర్లకు పైగా దూరమున నున్న అలాస్కాలో వినవచ్చెను. పట్టపగలే చీకటి క్రమ్మి, రాళ్లును బూడిదయు వర్షించెను. కొంతసేపటికే సముద్రము పొంగి తీరముల మీదికి వచ్చిపడెను. కొన్నిచోట్ల కెరటములు 15 మీటర్ల యెత్తు వరకు లేచినవని ఆ దేశపు ప్రభుత్వము తెలిపెను.

ఇంత జరిగినను ప్రపంచమునకు ఏమియు తెలియలేదు. టోంగాను లోకముతో కలుపుచుండినది సముద్రగర్భమున పరచిన యొక్క తంతి మాత్రమే. మన తెలుగువారి సంతతి కూడ నివసించు ఫిజీ దేశపు సూవా నగరమునుండి నుకుఅలోఫా వరకు 827 కిలోమీటర్ల పొడవున అది యుండెను. అది తెగిపోయెను. ఆక్లండులోను సిడ్నీలోను నున్న బిడ్డలు తల్లిదండ్రుల క్షేమము తెలియక దినములు గడిపిరి. కొలది ఉపగ్రహఫోనులు తప్ప మాట సాగుటకు మార్గము లేకపోయెను. ఏమి పోయినదో చెప్పుటకు వలయు నోరే మొదట పోయినది.

కావున నష్టపు లెక్క మొదట ఆకాశమునుండి ప్రారంభమయ్యెను. జనవరి 17వ తేదీన న్యూజీలాండు, ఆస్ట్రేలియా దేశముల విమానములు దీవులపై తిరిగి చిత్రములు తీసెను. ఉపగ్రహములు పంపిన చిత్రములను, ఆపదకు పూర్వము తీసిన చిత్రముల ప్రక్క నుంచి, ఏ కప్పు మిగిలినది, ఏ బాట మాయమైనది యని నిపుణులు పోల్చిచూచిరి. మాంగో యను చిన్న దీవినుండి, ఆపదలో నున్నవారు పంపు యంత్రసంకేత మొకటి వినవచ్చెను. టోంగా నౌకాదళపువారు పడవలలో పోయి చూడగా అచ్చట ఒక్క యిల్లైనను నిలిచియుండలేదు. ఫోనొయిఫువా దీవిలో రెండిండ్లు మాత్రమే మిగిలెను. రాజధానికి ఎదుటనే యున్న అటాటా దీవిలోని గ్రామము దాదాపు యావత్తు తుడిచిపెట్టుకొనిపోయెను.

తరువాత నేలమీదను, నీటిలోను పరీక్ష జరిగెను. విమానాశ్రయపు బాట చెడలేదు గాని దానిపై బూడిద దట్టముగా పరచుకొనియుండెను. యంత్రములు చాలక, జనులు పారలతోను తోపుడుబండ్లతోను దినముల తరబడి దానిని ఎత్తిపోసిరి. జనవరి 20వ తేదీన మొదటి సహాయవిమానములు దిగగలిగెను. న్యూజీలాండు నౌకలోని గజయీతగాండ్రు రేవులో మునిగి, ఓడలు వచ్చు దారిలో అడ్డంకు లున్నవేమోయని పరిశీలించిరి. ఆ దినములలో లోకమంతటను కరోనా వ్యాధి వ్యాపించియున్నను, టోంగాలో మాత్రము అది ప్రబలలేదు. అందుచేత సరకులను మనుష్యస్పర్శ లేకుండ దింపవలసి వచ్చెను. పరదేశపు పరీక్షకులు ఇంటింటికి పోవుటకు వీలు లేకపోయెను. ఎంత జాగ్రత్తపడినను ఫిబ్రవరి మొదట ఆ వ్యాధి రేవులోనికి వచ్చియే వచ్చెను. భారతదేశము కూడ రెండు లక్షల డాలర్ల సహాయమును ప్రకటించెనని ఇచ్చట స్మరింపదగును.

ఆకాశమునుండి చూచిన కంటికి కప్పు కనబడును. ఆ కప్పు మీది బూడిద తొట్టిలోని నీటికి ఏమి చేసినదో కనబడదు. కూలని యింటిని నిపుణుడు నష్టము లేనిదిగా ఎంచును. ఆ యింటి యిల్లాలికి మాత్రము, బూడిద కొట్టుకొనిపోకుండ దోనెలను ఊడదీసి, కప్పు ఊడ్చి, బిడ్డకు గ్రుక్కెడు నీరు ఎచ్చటినుండి తెత్తునా యను చింత కలదు. అందువలననే మొదట వచ్చిన సహాయనౌకలలో నొకటి రెండున్నర లక్షల లీటర్ల మంచినీటిని, దినమునకు డెబ్బదివేల లీటర్ల ఉప్పునీటిని మంచినీరుగా మార్చు యంత్రములను గొనివచ్చెను. గోడకు వెల కట్టవచ్చును. నిలిచియున్న గోడవెనుక దప్పిగొన్న కుటుంబమునకు వెల కట్టుట యెట్లు?

తెగిన తంతి సంగతి యింకను విచిత్రము. దానిని తెంచినది తీరమును కొట్టిన కెరటములు కావు. పైకెగసిన బూడిదయు రాళ్లును తిరిగి సముద్రములో పడి, కొండవాలున దిగు వరదవలె నీటియడుగున పరుగెత్తినవని 2023వ సంవత్సరమున ప్రకటింపబడిన పరిశోధన వలన తెలియుచున్నది. వాటి వేగము గంటకు 122 కిలోమీటర్ల వరకు నుండెనట! ఆ ప్రవాహము ఫిజీ తంతిని సుమారు 90 కిలోమీటర్ల మేర చెరచెను. తంతి నతుకు ఓడ వచ్చి, 2022 ఫిబ్రవరి 22వ తేదీ నాటికి దానిని బాగుచేసెను. అంతవరకు అయిదు వారములకు పైగా గడచెను. ఉత్తరపు దీవులకు పోవు దేశీయపు తంతి బాగుపడుటకు సుమారు ఏడాదిన్నర పట్టెను. తంతి తెగుట యనగా వార్తలు నిలుచుట మాత్రమే కాదు. దూరమున కష్టించు కుమారుడు పంపు సొమ్ము వచ్చు మార్గము మూసికొనుట. అంగడిలో ఉప్పుపప్పులు కొనుటకు కొంగున ముడి లేకుండుట. ఉపగ్రహముల సహాయముతో నొక యిరుకైన దారి తెరచువరకు ఆ సంసారములు పడిన యిక్కట్లు ఏ చిత్రములోనైనను కనబడునా?

ఆపద జరిగి నెల తిరుగువేళకు ప్రపంచ బ్యాంకువారు నష్టపు మొత్తమును ప్రకటించిరి. చిత్రములను, పూర్వపు లెక్కలను ఆధారముగా చేసికొని, దూరమునుండియే వేసిన యంచనా యిది. మొత్తము 9 కోట్ల 4 లక్షల డాలర్లు. మన దృష్టికి ఇది పెద్ద మొత్తముగా తోచకపోవచ్చును. కాని అది ఆ దేశపు సంవత్సరాదాయములో నూటికి పదునెనిమిదిన్నర వంతులు. ఏడాదికి నూరు రూపాయలు గడించు సంసారములో ఒక్క సాయంకాలము పదునెనిమిదిన్నర రూపాయలు కొట్టుకొనిపోయినట్లు. సుమారు 600 కట్టడములకు దెబ్బ తగిలెననియు, అందు 300 నివాసగృహములనియు వారు చెప్పిరి. ఈ లెక్క త్వరగా వచ్చుటచేత సహాయము చేయువారికి దారి తెలిసినది. దూరపు లెక్క వ్యర్థమని మా యభిప్రాయము కాదు. అది సగము లెక్క యని మాత్రమే మేము చెప్పునది. తక్కిన సగము గడపలోపలినుండి రావలెను.

ఈ మాట మేము పుస్తకములు చూచి చెప్పుట లేదు. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖతీరమును తాకినప్పుడు, ఆ దాపున నొక పల్లెలో మేము కాపురముంటిమి. మా వారు అచ్చటి పాఠశాలలో ఉపాధ్యాయులు. గాలి తగ్గిన నాలుగవనాడు నష్టము వ్రాసికొనుట కొక యుద్యోగి వచ్చెను. ఎగిరిన పెంకులు వ్రాసెను. పడిన గోడ వ్రాసెను. కూలిన రెండు కొబ్బరిచెట్లు వ్రాసెను. వీథిలోని నాలుగిండ్లకు ఆధారమైన బావిలో వరదనీరు చేరి, ఆకులు క్రుళ్లి కంపు కొట్టుచుండెను. మా యత్తగారు గుమ్మమున నిలిచి, “బావి సంగతి రాయలేదేం నాయనా?” యని యడిగిరి. “దానికి ఈ కాగితంలో గడి లేదమ్మా” యని యాతడు మర్యాదగానే బదులు చెప్పి, ప్రక్కయింటికి పోయెను. అతని తప్పేమియు లేదు. గడి లేనిదానిని అతడేమి వ్రాయగలడు? తప్పు మాది. మేము తలుపు చాటున నిలిచియుండియు నోరు తెరువలేదు. గడి లేనిచో కాగితము వెనుకనైనను వ్రాయుడని యడుగుటకు మాకు ధైర్యము లేకపోయెను. ఫలితముగా ఆ బావి ఇరువది దినములు అట్లే యుండెను. ప్రక్కయింటి యెనిమిదవ తరగతి పిల్ల ఆ దినములన్నియు బడి మాని, ఊరిచివరి బోరింగునుండి బిందెలతో నీరు మోసెను. ఆమె పోగొట్టుకొన్న పాఠములును ఏ లెక్కలోను చేరలేదు.

వ్రాయబడనిది బాగుపడదు. టోంగా వృత్తాంతమునుండి మేము నేర్చుకొన్న పాఠ మిదియే. కావున సోదరీమణులకు మా మనవి. తుపానైనను, వరదయైనను, 2004వ సంవత్సరమున మన తీరమునకును వచ్చిన సునామి వంటిదైనను, ఆపద గడచిన పిమ్మట ఇంటిలో నొక కాగితము తీసికొని నాలుగు మాటలు వ్రాసియుంచుడు. మొదటిది నీరు: ఎచ్చటినుండి వచ్చుచుండెను, ఇప్పుడెట్లున్నది, ఎంత దూరము పోవలసివచ్చుచున్నది. రెండవది ఆహారము, వంటచెరకు లేక గ్యాసు. మూడవది దారి: బడికి, వైద్యశాలకు, అంగడికి పోవు బాట నడచునా. నాలుగవది సొమ్మును మాటయు: ఫోను పనిచేయునా, బ్యాంకు తెరచిరా. శుభ్రము చేయుటకు ముందే చెడినవాటిని ఫోనుతో చిత్రము తీసి తేదీ వ్రాసికొనుడు. లెక్క వ్రాయువారు వచ్చినప్పుడు, మగవారు ఇంట లేరని తలుపు మూయక, ఆ కాగితమును వారి చేతికిండు.

టోంగాలో అంతటి ప్రళయమునను సునామిచేత మరణించినవారు నలుగురికి మించలేదు. 2009వ సంవత్సరమున ఉత్తరపు దీవియగు నియువాటోపుటాపులో సునామి తొమ్మిదిమందిని పొట్టనబెట్టుకొనెను. ఆ జ్ఞాపకము జనులకు ఉండుటయు, ముందుదినమున హెచ్చరికలు వినియుండుటయు, గర్జన వినినంతనే మెట్టకు పరుగెత్తుటయు వారిని కాపాడినవి. ఒక నష్టమును జ్ఞప్తియందుంచుకొనుట రాబోవు నష్టమును తగ్గించునని యిందువలన స్పష్టమగుచున్నది.

అటాటా జనులు మరల తమ దీవికి పోలేదు. పెద్దదీవిలో వారికి క్రొత్త యిండ్లు కట్టియిచ్చిరి. ఆ క్రొత్త గ్రామమునకు వారు ‘చిన్న అటాటా’ యని యర్థమిచ్చు పేరు పెట్టుకొనిరి. ఇండ్ల ఖరీదు లెక్కలో కలదు. పాత పేరును వెంట తెచ్చుకొన్న యా మమకారమునకు మాత్రము ఏ కాగితములోను గడి లేదు. గడి లేనివాటిని గుర్తుంచుకొని చెప్పవలసిన భారము ఇల్లాండ్రదే.