సీమంతపు ముచ్చట

ఇంటి కోడలు నెల తప్పిందన్న మాట వినబడగానే ఆ ఇంటి నడవడి అంతా మారిపోతుంది. ఎన్నడూ కసురుకొనే అత్తగారు సైతం “కాస్త కూర్చో అమ్మా” అంటుంది. స్త్రీజన్మలో అందరూ ఒక్కటై ఆమె సుఖమునే కోరే నెలలు ఇవి. ఈ ఆనందానికి మన పెద్దలు ఏర్పరచిన వేడుకే సీమంతం.

మనము స్థిరపడిన సీమలలో ఈ వేడుకకు తలా ఒక పేరు. తమిళులు వళైకాప్పు అని చేతినిండా గాజులు తొడుగుతారు. కన్నడిగులది బయకె ఊట, మహారాష్ట్రులది డోహాళే జేవణ్. ఈ రెండు మాటలకూ అర్థం ఒక్కటే: కోరిన భోజనం. గర్భిణికి హృదయములు రెండు గనుక ఆమె కోరిక బిడ్డ కోరికే అని మన వైద్యశాస్త్రము ఆమెను దౌహృదిని అన్నది. మన ఇళ్ళలో పుట్టింటివారు చలిమిడి తెచ్చి ఒడిలో పెట్టటం ఈ ప్రేమకే మరొక రూపం.

ఇక శాస్త్రం మాట. తెలుగు బ్రాహ్మణ కుటుంబాలలో పెక్కుమంది అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రము తొలిచూలు నాలుగవ నెలలో సీమంతం చేయమన్నది. మూడు తెల్లని మచ్చలున్న ఏదుముల్లుతో, మూడు దర్భలతో, పచ్చి మేడిపండ్ల గుత్తితో భర్త ఆమె పాపట తీస్తాడు. తరువాత వీణ వాయించేవారు ఇద్దరిని పాడమంటాడు. ఆ పాటలో తాము ఏ నది ఒడ్డున నివసిస్తున్నారో ఆ నది పేరు చెప్పాలి. మొలకెత్తిన యవలు తలలో ముడుచుకొని ఆమె చుక్కలు పొడిచేవరకు మౌనంగా ఉంటుంది.

నది పేరు చెప్పమన్న ఆ చిన్న నియమం మనవంటి వారికి ఎంత ఊరట! మీ తాతలు ఎక్కడినుంచి వచ్చారని అది అడగలేదు. ఇప్పుడు ఎవరి నీరు త్రాగుతున్నారని అడిగింది. తిరుచిరాపల్లిలో కాపురమున్నవారికి కావేరి, హోస్పేటవారికి తుంగభద్ర, యానాంవారికి గౌతమి. పుట్టబోయే బిడ్డకు ఆ నదియే తల్లి.

ఆ కావేరి ఒడ్డుననే, తిరుచిరాపల్లి కొండమీద, మాతృభూతేశ్వరుడున్నాడు. తమిళులు తాయుమానవర్ అంటారు. తల్లి కూడా అయినవాడని అర్థం. పురుటి నొప్పులు పడుతున్న కూతురి వద్దకు బయలుదేరిన తల్లి కావేరి వరదవల్ల ఆవలి ఒడ్డున నిలిచిపోయిందట. అప్పుడు శివుడే ఆ తల్లి రూపు దాల్చి వచ్చి పురుడు పోశాడట. వరద తీసి అసలు తల్లి వచ్చి చూచి ఆశ్చర్యపోయినదట. సుఖప్రసవమైనవారు నేటికీ అక్కడ అరటిగెలలు సమర్పించుకొంటారు. దేవుడు సైతం స్త్రీ అయితేగాని చేయలేని పని ఒకటి ఉన్నదని చెప్పే ఈ కథకంటె స్త్రీత్వానికి వేరే స్తోత్రమెందుకు?

అయితే భక్తి ఒక్కటే చాలదు. రఘువంశములో సుదక్షిణ మన్ను తిన్నదని కాళిదాసు ముచ్చటగా వర్ణించాడు. మన ఇళ్ళలోనూ గర్భిణులు బలపాలు, మట్టి చాటుగా తింటుంటే పెద్దవారు నవ్వి ఊరుకొంటారు. ఒంట్లో ఇనుము తక్కువైనవారికి ఇట్టి కోరిక తరచు పుడుతుందని నేటి వైద్యులు చెబుతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణులలో నూటికి 52 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. కనుక నాలుగవ నెలనుంచి ఇనుపధాతువు మాత్ర రోజుకొకటి, 180 రోజులు, మరువరాదు. మాత్ర మింగి వెంటనే కాఫీ త్రాగితే దాని గుణం సరిగా ఒంటబట్టదు; నిమ్మరసమైతే మేలు. 2016నుంచి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుపుతున్నారు. ముహూర్తము మరువని మనము ఆ తేదీ మాత్రం మరువవచ్చునా?

తల్లి గర్భములో ఉండగానే ప్రహ్లాదుడు నారదుని మాటలు విన్నాడని భాగవతం చెబుతున్నది. కడుపులోని శిశువు చివరి నెలలలో శబ్దాలు వింటుందనీ, పుట్టిన బిడ్డ తల్లి గొంతును గుర్తుపడుతుందనీ పరిశోధకులు కూడా నిరూపించారు. 1980లో వెలువడిన ఒక పరిశోధన ఇందులో ప్రసిద్ధం. ఇది మన సంఘములోని ప్రతి ఇల్లూ ఆలోచించవలసిన సంగతి. మన పిల్లలు బడిలో ఒక భాష, వీధిలో మరొక భాష నేర్చుకొంటున్నారు. తెలుగు వినవలసినది ఇంట్లోనే. సీమంతపు పేరంటంలో సినిమా పాటల పెట్టె మ్రోగిస్తే బిడ్డకు వినబడేది మోతే. అమ్మమ్మకు వచ్చిన మంగళహారతి, గొంతు వణికినా సరే, ఆమెచేత పాడించండి. ఆ పాట బిడ్డకు తెలుగు తొలిపాఠం.

రెండు మాటలు మాత్రం మేము గట్టిగా చెప్పదలచాము. పేరంటంలో “పండంటి కొడుకును కను” అని దీవించే వాడుక మానాలి. పుట్టబోయేది ఎవరో ముందుగా తెలిసికొనడాన్ని 1994 నాటి చట్టం నిషేధించినది. కాని ఆడపిల్లను చిన్నచూపు చూచే దీవెనను చట్టం ఆపలేదు, మనమే ఆపాలి. “పండంటి బిడ్డను కను” అంటే ఏమి తక్కువ? రెండవది, సంతానం లేనివారిని, భర్తను పోగొట్టుకొన్నవారిని ఈ వేడుకకు దూరముగా కూర్చోబెట్టటం. కన్నతల్లి అయినా సరే, పసుపు కుంకుమ లేవని వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూచే దృశ్యం ఏ ఇంటికీ శోభ కాదు. బిడ్డకు మేలు కోరే చేయి ఏదైనా మంగళకరమైనదే. మొదటి గాజు ఆ తల్లిచేతనే తొడిగించే ఇల్లు నిజముగా సీమంతం చేసిన ఇల్లని మేము భావిస్తున్నాము.

మన సంఘములో నెలలు నిండుతున్న సోదరీమణులందరికీ సుఖప్రసవం కావాలనీ, తల్లీ బిడ్డా చల్లగా ఉండాలనీ ఆకాంక్షిస్తున్నాము.