మీట నొక్కిన పిమ్మట

ఖరగ్‌పూరు పట్టణమున ఓల్డ్ సెటిల్‌మెంటు రైల్వేవారి పాత వాడ. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఆ యెఱ్ఱని మొరము నేలపై జంక్షనును, కర్మాగారమును, ఉద్యోగులకు క్వార్టర్లను నిర్మించిన నాటినుండియు, విశాఖపట్టణ గంజాము మండలముల నుండి పని వెదకికొనుచు బండి యెక్కివచ్చిన తెలుగువారనేకులు ఆ పట్టణమున స్థిరపడి, తరతరములుగా ఇనుముతోడను ఆవిరితోడను బ్రతుకు గడపిరి. తాత వర్క్‌షాపులో ఫిట్టరుగాను, తండ్రి డీజిలు షెడ్డులో మెకానిక్కుగాను పనిచేసిన ఇంట నేడు మనుమడు డెస్క్‌టాప్ కంప్యూటరు ముందు కూర్చుండుచున్నాడు. చైత్ర వైశాఖములలో ఆ ప్రాంతమును కాలవైశాఖి గాలివానలు కుదిపివేయుట వాడుక. అట్టి రాత్రి యొకటి కరెంటు పలుమారులు పోయి వచ్చినదనియు, మఱునాడు మీట నొక్కగా సీపీయూ పెట్టెలో ఫ్యాను తిరుగుచున్నను తెర మాత్రము నల్లగానే యున్నదనియు అనుకొందము. "డిస్‌ప్లే రాట్నేదు తాతా" అని మనుమడు మొఱపెట్టుకొనగా, ఆ పెట్టెను ఎన్నడును ముట్టి యెరుగని వృద్ధుడు తన షాపునాటి అలవాటు చొప్పున, "ఎంతవరకు వచ్చి ఆగిపోనాదిరా?" అని అడుగును.

కంప్యూటరు మరమ్మతు శాస్త్రమంతటను ఇంతకంటె మంచి ప్రశ్న లేదు. ఏలయనగా, మీట నొక్కినది మొదలు తెరపై బొమ్మ నిలుచువరకు గడచు ఆ కొలది క్షణములలో యంత్రము తన పూర్వుల చరిత్ర నంతటిని వరుస తప్పక మరల నడచి వచ్చుచున్నది. విద్యుత్తును నమ్మదగినదిగా చేసికొనుట, తొలి యాజ్ఞను తానే కనుగొనుట, తన యంగములను తానే పరీక్షించుకొనుట, పిదప డిస్కు నుండి పెద్ద ప్రోగ్రామును పిలుచుట అను నీ విద్యలలో నొక్కొక్కటి యొక్కొక్క కాలమున ఎవరో కష్టించి కనిపెట్టినదే. కావున మొరాయించిన యంత్రము ముందు కూర్చున్న వాడు, అది ఏ కాలమువరకు వచ్చి నిలిచిపోయినదో తెలిసికొనిన చాలును, సగము పని తీరినట్లే.

మొదట విద్యుత్తు మాట. 1995కు పూర్వపు కంప్యూటర్లలో మీట నిజమైన మీట. అది గోడనుండి వచ్చు 230 వోల్టుల ప్రవాహమునే కలిపి త్రెంచెడిది. ఆ యేట ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అను నూతన నిర్మాణక్రమమును ప్రకటించిన తరువాత మీట కేవలము ఒక విన్నపముగా మారినది. ప్లగ్గు పెట్టియున్నంతసేపును, కరెంటును మార్చి యిచ్చు ఎస్‌ఎంపీఎస్ పెట్టె 5 వోల్టుల చిన్న ప్రవాహమును మదర్‌బోర్డునకు అందించుచు మేలుకొనియే యుండును; మీట నొక్కగనే మదర్‌బోర్డు పచ్చని తీగను సున్నా వోల్టులకు దించి, తక్కిన ప్రవాహములను విడువుమని కోరును. అప్పుడు 12, 5, 3.3 వోల్టుల ధారలు పుట్టి, నూటికి అయిదు పాళ్ల హెచ్చుతగ్గులకు లోబడి నిలుకడ చెందిన మీదట, సెకనులో పదవ వంతు మొదలు సగము వరకు జాగు చేసి, ఎస్‌ఎంపీఎస్ బూడిదరంగు తీగ మీదుగా 'అంతయు సవ్యము' అను సంకేతమును పంపును. ఆ సంకేతము చేరువరకు ప్రాసెసరు కట్టివేయబడియే యుండును. ఖరగ్‌పూరువారికి దీనిని వేరుగ వివరింప బనిలేదు: ముందరి స్టేషను లైన్ క్లియర్ ఇయ్యనిదే ఇంజను ఎంత ఆవిరి పట్టియున్నను బండి కదలరాదు గదా! సందేహము కలిగినచో ఆపివేయుటే క్షేమమని సిగ్నలు శాఖవారు రిలేల కాలమున నేర్చిన పాఠమునే, 2017లో ఆ జంక్షనున 800 మార్గములను ఏర్పరచుటకు నెలకొల్పిన ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగును నేటికిని పాటించుచున్నది. మేజా క్రింది పెట్టెయు పాటించుచున్నది.

ఇందువలన తేలు విషయ మొకటి కలదు. ఫ్యాను తిరుగుచున్నది గావున కరెంటుకు లోపము లేదని పలువురు తీర్మానింతురు, అది తొందరపాటు. ఫ్యానునకు కావలసినవి 12 వోల్టులే. తక్కిన రెండు ధారలలో నొకటి నీరసించినను బూడిదరంగు తీగ మౌనము వహించును, ఫ్యాను గిరగిర తిరుగుచుండగనే ప్రాసెసరు నిద్రించుచుండును. ఫ్యానును తిరుగక, దీపమును వెలుగకున్నచో ముందుగా గోడ సాకెట్టును, స్పైక్ గార్డును, యూపీఎస్ బ్యాటరీని, పెట్టె వెనుకనుండు చిన్న స్విచ్చిని చూడవలెను; ఇల్లు ఊడ్చునపుడు ఆ వెనుక స్విచ్చి ఆరిపోయిన సందర్భములు ఎన్ని మరమ్మతు దుకాణములకు ఉచిత వినోదము కల్పించినవో! అవి యన్నియు సరిగా నున్నచో, ఎస్‌ఎంపీఎస్‌ను మదర్‌బోర్డునుండి విడదీసి, దాని పెద్ద కనెక్టరులో పచ్చని తీగను నల్లని తీగతో చిన్న వైరుముక్కతో కలిపి చూచుదురు. అప్పటికిని ఫ్యాను కదలకున్న దోష మందే యున్నదనుట దాదాపు నిశ్చయము. అయితే ఆ ఎస్‌ఎంపీఎస్ పెట్టె మూతను మాత్రము విప్పరాదు. 230 వోల్టుల ఏకాంతర ప్రవాహము అందు ఏకముఖమై సుమారు 325 వోల్టులుగా కెపాసిటర్లలో నిలువయుండును. ప్లగ్గు తీసిన పిమ్మటను అది కొంతసేపు అచ్చటనే పొంచియుండును.

ఇక ప్రాసెసరు మేల్కొనినది. మేల్కొని ఏమి చేయవలెను? జ్ఞాపకశక్తి యంతయు శూన్యము. ప్రోగ్రామును చదువుమని చెప్పుటకైనను ఒక ప్రోగ్రాము ఉండవలెను గదా! ఈ చిక్కుముడికి తొలి సొగసైన పరిష్కారము కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున దొరకినది. మారిస్ విల్క్స్ నాయకత్వమున నిర్మితమైన ఎడ్‌శాక్ యంత్రము 1949 మే 6వ తేదీన తన తొలి లెక్కను చేసెను. దానికై డేవిడ్ వీలర్ అను యువకుడు 31 ఆజ్ఞల చిట్టి ప్రోగ్రామును వ్రాయగా, దానిని టెలిఫోను ఎక్స్చేంజీలలో వాడు యూనిసెలెక్టరు స్విచ్చుల తీగెల కూర్పులోనే శాశ్వతముగా నిలిపిరి. మీట నొక్కగనే ఆ స్విచ్చులు ఆజ్ఞలను ఒక్కటొక్కటిగా పాదరసపు గొట్టముల జ్ఞాపకములోనికి దించెడివి. ఆ 31 ఆజ్ఞలు కాగితపు టేపును చదివి అసలు ప్రోగ్రామును తెచ్చెడివి. రిలే గదులలో ఉద్యోగము చేసినవారు ఆ స్విచ్చులను చూచినచో తమ చుట్టములనే గుర్తింతురు. మన దేశపు తొలి డిజిటల్ కంప్యూటరు హెచ్‌ఈసీ-2ఎం ఖరగ్‌పూరునకు రెండు మూడు గంటల రైలు దూరముననే, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటునకు 1955లో చేరినది. దాని జ్ఞాపకము తిరుగుచుండు అయస్కాంతపు డ్రమ్ము.

చిత్రమేమనగా, కేంబ్రిడ్జివారు అంత ముందుగా కనుగొనిన సుఖమును పాతికేండ్ల తరువాత చౌక కంప్యూటర్లు మరచిపోయినవి. 1975 జనవరిలో వెలుగుచూచిన ఆల్టెయిర్ 8800కు తెరయు లేదు, కీబోర్డును లేదు. ముందరి పలకపై మీటల వరుస యొకటి. దానిని వెలిగించినప్పుడెల్ల, టేపును చదువగల చిన్న ప్రోగ్రామును ఆ మీటలను పైకి క్రిందికి త్రిప్పుచు చేతితో ఎక్కింపవలసి యుండెను. ఆ యంత్రమునకు బేసిక్ భాషను ప్రదర్శించుటకై విమానమున ఆల్బుకర్కీ నగరమునకు పోవుచుండిన పాల్ అలెన్, ఆ చిన్న ప్రోగ్రామును వ్రాయ మరచితిమని దారిలో జ్ఞప్తికి వచ్చి, విమానము దిగకమునుపే కాగితముమీద దానిని వ్రాసికొనెనట. అతడు పాలుపంచుకొని స్థాపింపనున్న మహాసంస్థ భాగ్యరేఖ ఆ కాగితముమీద నిలిచినది.

1981 ఆగస్టు 12న ఐబీఎం వారు విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరులో ఈ విద్యలన్నియు ఒక్కచోట కుదురుకొనినవి. నేటి డెస్క్‌టాప్ ప్రవర్తన చాలవరకు దాని వారసత్వమే. అందలి 8088 ప్రాసెసరు మేల్కొనగనే, ఒక మెగాబైటు చిరునామాల చివరకు 16 బైట్ల ఇవతలి స్థానమును చూచునట్లు మలచబడినది. ఆ స్థానమున చెరగని రోమ్ చిప్పులో 'ఫలానా చోటికి పొమ్ము' అను నొక్క ఆజ్ఞ యుండును. అక్కడినుండి డేవిడ్ బ్రాడ్లే వ్రాసిన బయాస్ ప్రోగ్రాము పగ్గములు చేతబట్టి, ప్రాసెసరును, రోమ్‌ను, గడియారపు చిప్పును, జ్ఞాపకమును, కీబోర్డును వరుసగా పరీక్షించి, అంతయు సరిగానున్నచో ఒక్క చిన్న బీప్ చేయును. తెర పనిచేయునో లేదో ఇంకను తెలియదు గావున లోపములను శబ్దముతో చెప్పుట అచ్చటి యుక్తి. ఒక పొడుగు, రెండు పొట్టి. ఆగని పొడుగు కూతలు. ఈ సంజ్ఞలు బయాస్ తయారీదారుని బట్టి మారును గాని, చెవి యొగ్గి వినువానికి దోషము జ్ఞాపకములో నున్నదో తెరకార్డులో నున్నదో అవి చెప్పకపోవు. ఈ స్వయంపరీక్షలో హాస్యమునకును కొదువలేదు: కీబోర్డు కనబడలేదు, కొనసాగుటకు ఎఫ్1 నొక్కుము అని ఆజ్ఞాపించు తరువాతి కాలపు బయాస్‌లను చూచి నవ్వని మెకానిక్కు లేడు. నవ్వురాని సంగతి యొకటి: ఇటీవలి పెట్టెలలో ఆ చిన్న స్పీకరును పెట్టుట పలువురు తయారీదారులు మానివేసిరి. కొలది రూపాయల పొదుపునకు యంత్రము నోరు నొక్కుట నాకు న్యాయముగ తోచదు.

ఖరగ్‌పూరు వాతావరణమున ఈ పరీక్ష తప్పుట జ్ఞాపకమగు ర్యామ్ వద్దనే తఱచు జరుగును. వేసవిలో ఎఱ్ఱని దుమ్ము, వానకాలమున నెలల తరబడి తేమ. ఫ్యాను గాలితోబాటు రెండును పెట్టెలో చొరబడి, ర్యామ్ కర్ర అంచున పూతపూసిన లోహపు పట్టీలకును స్లాటులోని సన్నని తీగెలకును నడుమ సన్నని పొరగా చేరును. కంటికి కానరాని ఆ పొర చాలును, ఒక్క సంకేతము దారి తప్పుటకు. ఒక్క సంకేతము తప్పిన జ్ఞాపకమంతయు అబద్ధమాడును. బయాస్ అచ్చటనే నిలిచిపోవును. ప్లగ్గు ఊడదీసి, పెట్టె లోహమును ముట్టి దేహములోని స్థిరవిద్యుత్తును విడిచి, ర్యామ్ కర్రను తీసి, బడిపిల్లల పెన్సిలు రబ్బరుతో ఆ పట్టీలను మెల్లగా రుద్ది, పొడి దులిపి, రెండు వైపుల కొక్కెములును టక్కుమనువరకు మరల నొక్కవలెను. నమ్మశక్యముగాని ఈ చౌక చికిత్సతో లేచి కూర్చున్న యంత్రములు మన దేశమున లెక్కకు మిక్కిలి. రెండు కర్రలున్నచో ఒక్కొక్కదానిని విడివిడిగా పెట్టి చూచుట మఱియు మేలు. అప్పటికిని ఫలము లేకున్న, ప్రాసెసరు చుట్టునుండు గుండ్రని కెపాసిటర్ల నెత్తులు చదునుగా నున్నవో, ఉబ్బినవో పరికింపవలెను. 2000 ప్రాంతమున లోపము గల ద్రవముతో తయారైన కెపాసిటర్లు ప్రపంచమంతట లక్షల బోర్డులను అర్ధాయుష్షుతో చంపినవి.

మదర్‌బోర్డుపై రూపాయి బిళ్ల యంత గుండ్రని సెల్లు యొకటి కలదు. 1984 నాటి ఐబీఎం ఏటీ యంత్రముతో వచ్చిన ఆచారమిది. పెట్టె ఆరియున్నను తేదీని, అమరికలను ఆ 3 వోల్టుల సెల్లే కాపాడును. అది నీరసించినచో గడియారము ఏండ్ల వెనుకకు పోవుటే గాని, యంత్రము చచ్చుట అరుదు.

రోమ్ చెరగనిదని వ్రాసితిని. తరువాత దానిని కూడ తిరగవ్రాయ వీలగు ఫ్లాష్ చిప్పులుగా మార్చిరి. దోషములను దిద్దుకొనుటకు అది గొప్ప సౌకర్యము. ఆ సౌకర్యము శత్రువునకును సౌకర్యమే యని 1999 ఏప్రిల్ 26న లోకమునకు తెలిసినది. చెర్నోబిల్ దుర్ఘటన తేదీకి కుదిరినందున ఆ పేరనే ప్రసిద్ధమైన సీఐహెచ్ వైరసు ఆనాడు మేల్కొని, డిస్కులోని విషయములను నాశనము చేయుటయే గాక, వీలయిన చోట బయాస్ చిప్పునే చెరిపివేసెను. తొలి ఆజ్ఞయే లేని ప్రాసెసరు ఏమి చేయగలదు? చిప్పును మార్చుటయో, బయట మరల వ్రాయించుటయో తప్ప వేరు దారి లేకపోయెను.

తెరపై అక్షరములు కనబడి, ఆపరేటింగ్ సిస్టమ్ దొరకలేదని చెప్పి ఆగినచో, అది శుభవార్తయే; విద్యుత్తు, ర్యామ్, బయాస్ అన్నియు నిర్దోషులని తేలినట్లే. పాత పద్ధతిలో బయాస్ డిస్కు తొలి 512 బైట్లను చదివి, వాని తుదను 55, ఏఏ అను రెండు గుర్తులున్నచో వానికే పగ్గము నప్పగించును. నేటి యూఈఎఫ్‌ఐ పద్ధతిలో డిస్కులోని ప్రత్యేక భాగమున నొక ఫైలును వెదకును. ఏ పద్ధతియైనను, యూఎస్‌బీ రంధ్రమున మరచిన పెన్‌డ్రైవును ముందు ఊడదీసి చూడుడు. తరువాత డిస్కు కేబులును. ఈ దశలోనే కుర్రకారు "ఫార్మాట్ కొట్టేద్దాం" అని ఉబలాటపడుదురు. అందులో పెండ్లి ఫొటోలును, తాత పింఛను కాగితముల నకళ్లును ఉన్నచో, ఆ మాట వినరాదు. డిస్కును మఱియొక కంప్యూటరునకు తగిలించి, కావలసినవన్నియు నకలు తీసికొనిన పిదపనే విండోస్ సంగతి. ఒకవేళ డిస్కు లోపల టిక్కు టిక్కుమని లోహపు చప్పుడు వినబడినచో మాత్రము నకలు కొఱకైనను పదే పదే కరెంటు ఇయ్యక, తక్షణమే తీసివేసి, డేటా రికవరీ తెలిసిన వానికి అప్పగింపవలెను.