కదిలే పరమాణువులు – క్వాంటం గణనలో దోషాల తగ్గింపు

హైదరాబాద్: క్వాంటం కంప్యూటరు అనగానే నిలువెత్తు శీతల యంత్రం స్ఫురించడం పరిపాటి. అమరావతి క్వాంటం వ్యాలీ కొరకు 2025 మే నెలలో ఐ.బి.ఎం., టి.సి.ఎస్. సంస్థలతో కలసి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన 156 క్యూబిట్ల యంత్రం ఆ కోవకు చెందినదే. తటస్థ పరమాణువుల మార్గం దీనికి భిన్నమైనది. ఇందులో రుబీడియం వంటి మూలకాల పరమాణువులను శూన్య గదిలో లేజరు కాంతితో ఒక్కొక్కటిగా పట్టి నిలుపుతారు. చల్లబరచవలసినది యంత్రాన్ని కాదు, పరమాణువులను మాత్రమే. చిక్కంతా అక్కడే ఉన్నది.

గది ఉష్ణోగ్రత వద్ద రుబీడియం పరమాణువు వేగం సెకనుకు సుమారు 300 మీటర్లు. లేజర్లతో దానిని 10 మైక్రోకెల్విన్లకు, అనగా పరమశూన్యానికి డిగ్రీలో లక్షవ వంతు దూరానికి చేర్చినప్పుడు వేగం 5 సెంటీమీటర్లకు తగ్గుతుంది. ఆ కొద్దిపాటి చలనం సైతం గణనకు చేటు చేయగలదు. రెండు పరమాణువులను జతపరచే క్రియలో లేజరుతో వాటిని రిడ్‌బర్గ్ స్థితి అనే ఉద్రిక్త స్థితికి చేరుస్తారు. కదులుతున్న పరమాణువుకు లేజరు పౌనఃపున్యం కొద్దిగా మారినట్లు తోస్తుంది. ఇదే డాప్లర్ ప్రభావం. గుడిమల్కాపూర్ పూల మార్కెట్టులో తక్కెడ ఊగుతుండగానే తూకం చదివితే లెక్క తప్పినట్లే, ఇక్కడా ఫలితం తప్పుతుంది. పైగా ఆ క్షణంలో పట్టి ఉంచే కాంతిని సాధారణంగా ఆపివేస్తారు గనుక పరమాణువు చోటు కూడా కొంత మారుతుంది.

నివారణ మార్గాలు పలు విధాలు. పరమాణువు కదిలే వ్యవధి లేకుండా క్రియను సెకనులో కోటి వంతుల స్థాయి కాలంలో ముగించడం ఒకటి. ఎదురెదురు దిశల నుండి రెండు లేజర్లను ప్రసరింపజేసి డాప్లర్ ప్రభావాన్ని చాలావరకు పరస్పరం రద్దు చేయడం మరొకటి. అమెరికాలోని జిలా సంస్థ శాస్త్రవేత్తలు 2012లో రామన్ పద్ధతిలో ఒక్క పరమాణువును దాని కనిష్ఠ చలన స్థితికి చేర్చారు. అక్కడ కూడా క్వాంటం స్వభావం వలన కలిగే స్వల్ప కదలిక మిగిలే ఉంటుంది. కాల్‌టెక్ బృందం 2025లో వెల్లడించిన విధానం మరింత ఆసక్తికరం: ఇంకా కదులుతున్న పరమాణువులను ముందుగా గుర్తించి, వాటిని మాత్రమే సరిదిద్దుతారు.

హార్వర్డ్ బృందం 2023లో 60 పరమాణువులపై జంట క్రియలను 99.5 శాతం కచ్చితత్వంతో నిర్వహించింది. అంటే సగటున 200 క్రియలకు ఒక దోషం. 2025లో కాల్‌టెక్ 6,100 పరమాణువులను ఒకేచోట నిలిపినది. అయితే ఆ ప్రయోగంలో జంట క్రియలు చేపట్టలేదు. అందువలన పరమాణువుల సంఖ్యతో పాటు జంట క్రియల దోష శాతాన్ని కూడా విచారించి వార్తలలోను, ప్రతిపాదనలలోను పేర్కొనడం అవసరం.