మరచిపోయే సీడీకి మన ఇష్టం నేర్పడం ఎలా?

లైనక్స్ లైవ్ సీడీని డ్రైవులో పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తే, హార్డ్ డిస్కును ముట్టుకోకుండానే మొత్తం వ్యవస్థ తెర మీదికి వస్తుంది. 2000లో జర్మనీలో క్లౌస్ క్నోపర్ విడుదల చేసిన క్నాపిక్స్‌తో ఈ పద్ధతికి మంచి పేరొచ్చింది. 700 ఎంబీల సీడీలో సుమారు 2 జీబీల సాఫ్ట్‌వేర్‌ను కుదించి పెట్టారు.

ఈ సౌకర్యంతో పాటే ఒక చిక్కు కూడా వచ్చింది. మనం మార్చిన భాష, గడియారం, తెర సెట్టింగులు అన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి. పవర్ ఆపగానే పోతాయి. మర్నాడు మళ్లీ మొదటికే. సీడీ మీద రాయడం కుదరదు కాబట్టి, మన ఇష్టాన్ని సీడీ తయారయ్యే ముందే అందులో పెట్టాలి. ఎక్కడ పెట్టాలో తెలియాలంటే బూట్ ఎలా జరుగుతుందో చూడాలి.

సీడీని 2048 బైట్ల సెక్టార్లుగా విభజిస్తారు. 0 నుంచి 15 వరకు ఉన్న సెక్టార్లను ఫైళ్లకు వాడరు. 16వ సెక్టార్‌లో డిస్కు వివరాలుంటాయి. 17వ దానిలో ‘ఎల్ టొరిటో’ అనే గుర్తు ఉంటుంది. ఫీనిక్స్, ఐబీఎం సంస్థలు 1995లో రూపొందించిన ఈ ప్రమాణానికి కాలిఫోర్నియాలోని ఒక రెస్టారెంటు పేరు పెట్టారు. కంప్యూటర్ ఆన్ కాగానే మొదట పనిచేసే బయోస్ ఈ గుర్తును పట్టుకుని బూట్ ప్రోగ్రామ్‌ను చేరుతుంది. చాలా లైవ్ సీడీల్లో అది ఐసోలైనక్స్. అది చదివే కాన్ఫిగరేషన్ ఫైలు మామూలు టెక్స్ట్ ఫైలే. ఏ ఎడిటర్‌లోనైనా తెరుచుకుంటుంది.

అందులో ముఖ్యమైనవి మూడు. ‘డీఫాల్ట్’ అన్న పదం పక్కన ఏ పేరుంటే ఆ మెనూ అంశం తనంతట తాను మొదలవుతుంది. ‘టైమవుట్’ పక్కన ఎంతసేపు ఆగాలో ఉంటుంది. లెక్క సెకనులో పదో వంతు కాబట్టి 300 అంటే 30 సెకన్లు. ‘అపెండ్’ వరుసలో లైనక్స్ మూలభాగమైన కెర్నెల్‌కు చెప్పే మాటలుంటాయి. డెబియన్ లైవ్‌లో ఈ వరుస చివర టైమ్‌జోన్‌గా ఏషియా, కోల్‌కతా అని చేరిస్తే గడియారం ప్రతిసారీ మన దేశ సమయంతోనే మొదలవుతుంది.

ముందుగా పరీక్షించాలనుకుంటే ఫైలు మార్చనక్కర్లేదు. ఐసోలైనక్స్ మెనూలో ట్యాబ్, గ్రబ్ అనే మరో బూట్ ప్రోగ్రామ్ మెనూలో ‘ఇ’ నొక్కితే కెర్నెల్‌కు చెప్పే ఆ వరుస తెరుచుకుంటుంది. అక్కడ చేసిన మార్పు ఆ ఒక్కసారికే పనిచేస్తుంది.

శాశ్వతంగా కావాలంటే, సీడీ మీదికి ఎక్కించే ఐఎస్ఓ అనే ఇమేజ్ ఫైలులోని ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి, కాన్ఫిగరేషన్ మార్చి, జోరిసో వంటి సాధనంతో కొత్త ఐఎస్ఓ కట్టాలి. ఇక్కడ ‘బూట్ ఇన్ఫో టేబుల్’ ఆప్షన్‌ను మరిచిపోకూడదు. బయోస్‌కు సాధారణంగా ఐసోలైనక్స్‌లోని మొదటి 2048 బైట్లను మాత్రమే లోడ్ చేయమని చెబుతారు. మిగతా భాగాన్ని ఆ ప్రోగ్రామే వెతుక్కోవాలి. ఆ ప్రోగ్రామ్ డిస్కు మీద ఎక్కడ ఉందో చెప్పే చిరునామాను ఈ ఆప్షన్ దాని లోపలే రాస్తుంది. అది లేకపోతే సీడీ బూట్ కాదు.

మరో రెండు జాగ్రత్తలు. బయోస్‌కు బదులు యూఈఎఫ్ఐ ఉన్న కంప్యూటర్లు సాధారణంగా ఐసోలైనక్స్‌ను కాక గ్రబ్‌ను వాడతాయి. దాని కాన్ఫిగరేషన్ ఫైలు వేరు కాబట్టి రెండు చోట్లా మార్చాలి. గ్రబ్‌లో టైమవుట్‌ను 0 చేస్తే వెంటనే బూట్ అవుతుంది. ఐసోలైనక్స్ మెనూలో మాత్రం 0 అంటే మనం మీట నొక్కేదాకా ఆగిపోవడమే. ఒకే అంకెకు రెండు చోట్ల రెండు అర్థాలు!

కొత్త ఐఎస్ఓను సీడీ మీదికి ఎక్కించే ముందు వర్చువల్ మెషిన్‌లో బయోస్, యూఈఎఫ్ఐ రెండు పద్ధతుల్లోనూ బూట్ చేసి చూడండి. అసలు ఐఎస్ఓను మాత్రం చెరపకుండా దాచుకోండి. అది చేతిలో ఉన్నంతకాలం ఎన్నిసార్లు తప్పినా మళ్లీ మొదలుపెట్టవచ్చు.