మనిషికి తగిన కుర్చీ

అండమాన్ దీవులలో గృహస్థు కొనే వస్తువులలో చాలా భాగం సముద్రం దాటి వస్తుంది. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్టుబ్లెయిరులో, ఓడల సరుకు దిగే ముఖ్యమైన చోటు హాడో రేవు. చెన్నై నుండి ఇక్కడికి సముద్రమార్గం సుమారు 1,200 కిలోమీటర్లు. అంత దూరం నుండి తెప్పించుకున్న బల్లో కుర్చీయో ఇంట్లోవారికి సరిపోకపోతే, దానిని తిరిగి పంపడం తేలిక కాదు. డబ్బు పోయిందని బాధపడుతూ, ఆ సరిపోని ఆసనం మీదనే ఏళ్ల తరబడి కాలం గడపవలసి వస్తుంది. ఆ భారమంతా చివరకు మోసేది వెన్నెముక.

ఈ దీవులలో కంప్యూటరు బల్ల అవసరం ఇటీవలి కాలంలో బాగా పెరిగింది. చెన్నై నుండి సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున వేసిన కేబులు 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. దానితో వేగవంతమైన ఇంటర్నెట్ ఇక్కడికి చేరింది. కరోనా కారణంగా చదువులు, ఉద్యోగాలు ఇళ్లలోకి ప్రవేశించిన సంవత్సరం కూడా అదే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. వారి ఇళ్లలోనూ, కోస్తా జిల్లాల్లోని వారి బంధువుల ఇళ్లలోనూ నేడు కనిపించే దృశ్యం ఒక్కటే: భోజనాల బల్ల మీద కంప్యూటరు, దాని ముందు కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న పిల్లవాడు.

పాత రోగం, కొత్త పేరు

కూర్చుని చేసే పనివల్ల శరీరానికి హాని కలుగుతుందన్న సంగతి కొత్తది కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ వృత్తిరోగాల గురించి రాసిన గ్రంథపు 1713 నాటి కూర్పులో రాతగాళ్ల బాధలకు మూడు కారణాలు చూపాడు: అదేపనిగా కూర్చోవడం, చేతిని ఎప్పుడూ ఒకే తీరుగా కదపడం, మనస్సుకు కలిగే శ్రమ. కంప్యూటరు ముందు కూర్చునే నేటి ఉద్యోగికి ఈ మూడూ వర్తిస్తాయి. పనిని మనిషికి అనువుగా మలచే విద్యకు 1857లో పోలండ్ శాస్త్రవేత్త వోయ్‌చెహ్ యాస్త్రెంబోవ్‌స్కీ ‘ఎర్గనామిక్స్’ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ‘ఎర్గాన్’ అంటే పని, ‘నోమోస్’ అంటే నియమం.

ఈ మాట ఇప్పుడు ప్రతి కుర్చీ ప్రకటనలోనూ కనిపిస్తున్నది. అయితే చీటీ మీద ఆ మాట ఉన్నంత మాత్రాన కుర్చీ అందరికీ సరిపోదు. ఆరడుగుల మనిషికి హాయినిచ్చే ఆసనం అయిదడుగుల మనిషికి శిక్ష కావచ్చు. భారతీయుల శరీర కొలతలను ప్రత్యేకంగా సేకరించి, దేవకుమార్ చక్రవర్తి కూర్చిన గ్రంథాన్ని అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ 1997లో ప్రచురించింది. పరాయి దేశాల కొలతలను మన శరీరాలకు అంటగట్టరాదన్నదే ఆ ప్రయత్నానికి మూలం.

కొలవవలసింది బల్లను కాదు

కుర్చీ కొనే ముందు టేపుతో కొలవవలసింది మనిషిని. మొదటి కొలత, పాదం నేలపై ఆన్చి కూర్చున్నప్పుడు మోకాలి వెనుక మడత వరకు ఉండే ఎత్తు. ఇది సామాన్యంగా మనిషి ఎత్తులో నాలుగో వంతుకు దగ్గరగా ఉంటుంది. కుర్చీ సీటు ఇంతకంటె ఎత్తుగా ఉండరాదు. రెండవది, మోచేతిని మడిచినప్పుడు నేల నుండి దాని ఎత్తు. కీబోర్డు ఈ ఎత్తులో ఉండాలి. మూడవది, తొడ పొడవు. వీపు వెనక్కు ఆనినప్పుడు సీటు అంచుకూ మోకాలి మడతకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టే ఖాళీ ఉండాలి.

అయిదడుగుల స్త్రీని ఉదాహరణగా తీసుకుందాం. ఆమెకు సుమారు 38 సెంటీమీటర్ల ఎత్తు గల సీటు, ఇంచుమించు 60 సెంటీమీటర్ల ఎత్తులో కీబోర్డు కావాలి. బజారులో దొరికే బల్ల ఎత్తు సాధారణంగా 75 సెంటీమీటర్లు. ఈ 15 సెంటీమీటర్ల తేడాను ఆమె భుజాలు ఎగబెట్టి పూడ్చుకుంటుంది. సాయంత్రానికి మెడ పట్టేయడానికి కారణం చాలాసార్లు ఇదే.

బల్లను మార్చే వీలు లేనప్పుడు ఒక క్రమం పాటించాలి. మోచేయి బల్లమట్టానికి వచ్చేదాకా కుర్చీని ఎత్తాలి. అప్పుడు పాదాలు నేలను అందవు గనుక వాటి కింద పీట వేయాలి. తెర చేయి చాచినంత దూరంలో, దాని పైఅంచు కంటిమట్టానికి కాస్త దిగువగా ఉండాలి. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఒకటి సరైతే రెండవది చెడుతుంది. గంటల తరబడి పని ఉన్నవారు దానిని పుస్తకాల దొంతర మీద ఎత్తిపెట్టి, వేరే కీబోర్డు తగిలించుకోవడం మేలు. కిటికీ వెలుగు తెర మీద పడకుండా పక్కనుండి రావాలి.

పిల్లల లెక్క వేరు

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెత కూర్చునే అలవాటుకు కూడా చెల్లుతుంది. చిన్ననాట గూనిగా కూర్చున్న అలవాటు పెద్దయ్యాక ఒక పట్టాన వదలదు. ఐరోపా దేశాల బడి సామానుకు ఉన్న ‘ఇ.ఎన్. 1729’ ప్రమాణం పిల్లల వయస్సును కాక ఎత్తును లెక్కలోకి తీసుకుంటుంది. 108 నుండి 121 సెంటీమీటర్ల ఎత్తుగల పిల్లలకు సీటు 31, బల్ల 53 సెంటీమీటర్లు. 119 నుండి 142 వరకు ఉన్నవారికి 35, 59. 133 నుండి 159 వరకు ఉన్నవారికి 38, 64. పెద్దల 45 సెంటీమీటర్ల కుర్చీలో ఎనిమిదేళ్ల పిల్లవాడి పాదాలు గాలిలో వేలాడతాయి. సీటు అంచు తొడలను నొక్కుతుంది. ఆ బాధ తప్పించుకోవడానికి అతడు ముందుకు జారుతాడు. వీపుకు ఆధారం పోతుంది.

ఏటేటా కొత్త కుర్చీ కొనడం ఎవరి తరమూ కాదు. నార్వే దేశపు పీటర్ ఆప్స్‌విక్ 1972లో ఈ చిక్కుకు ఒక చక్కని ఉపాయం కనిపెట్టాడు. రెండు ఏటవాలు కొయ్యల లోపలివైపు వరుసగా గాళ్లు తీసి, సీటు పలకనూ పాదాల పలకనూ కావలసిన గాడిలో అమర్చాడు. పిల్లవాడు పెరిగేకొద్దీ పలకలు కిందికి దిగుతాయి. ఈ పద్ధతి తెలిసిన వడ్రంగి ఎక్కడైనా అటువంటి కుర్చీ చేయగలడు. చిన్నపిల్లల కుర్చీకి చక్రాలు లేకపోవడమే మంచిది. పెద్దల చక్రాల కుర్చీకి కింద అయిదు కాళ్లు ఉండాలి. నాలుగైతే ఒరిగే ప్రమాదం ఎక్కువ.

కొయ్య, ఇనుము, ఉప్పుగాలి

హాడో పక్కనే వంతెన దాటితే చాతం దీవి. 1883లో స్థాపించిన కోతమిల్లు అక్కడ ఉంది. అండమాన్ అడవుల ప్రసిద్ధ వృక్షం పడౌక్. తెలుగువారికి తెలిసిన రక్తచందనం, వేగిస చెట్ల ప్రజాతికే చెందిన ఈ ఎర్రని కొయ్య చెదలకు, చెమ్మకు సులభంగా లొంగదు. 2002 మేలో సుప్రీంకోర్టు ఈ దీవుల అడవుల నరికివేతపై కఠినమైన ఆంక్షలు విధించింది. కనుక ఇటువంటి కొయ్యతో చేయించే వస్తువు తరాలు నిలిచేటట్లు, కొలత తప్పకుండా చేయించాలి.

ఏడాదిలో అధికభాగం వానలు పడే చోట పార్టికల్ బోర్డు బల్లలు అంచుల వద్ద నీరు పీల్చి ఉబ్బిపోతాయి. వాటి అంచులన్నీ మూసి ఉన్నవో లేదో చూడాలి. ఉప్పుగాలికి రంగు లేచిన ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. రెగ్జిను సీటు కంటె గాలి ఆడే అల్లిక సీటు ఉక్కపోతలో మేలు. ఇది తీవ్ర భూకంప ప్రాంతం గనుక బల్ల మీది ఎత్తైన అరలను గోడకు బిగించడం మరువరాదు.

లేవడం కూడా అవసరమే

ఎంత మంచి కుర్చీ అయినా గంటల తరబడి కదలక కూర్చోవడానికి అనుమతిపత్రం కాదు. ఇరవై నిమిషాలకు ఒకసారి ఇరవై అడుగుల దూరాన్ని ఇరవై సెకన్లు చూస్తే కంటికి విశ్రాంతి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తే వెన్నుకు విశ్రాంతి. అయిదు నుండి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శరీరశ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఆరుబయట ఎక్కువసేపు గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి.

కుర్చీ ఖరీదైనదా, చవకదా అన్నది తరువాతి ప్రశ్న. పాదాలు ఆనుతున్నవా, వీపు ఆనుతున్నదా, మోచేయి బల్లమట్టానికి ఉన్నదా అన్నవి ముందు వేయవలసిన ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పడానికి ఒక టేపు, పది నిమిషాల సమయం చాలు. ఆ పది నిమిషాలు ఓడకు సరుకు పురమాయించక ముందే వెచ్చించాలి.